నీళ్లు తీస్తున్నాయా, ఎక్కుతున్నాయా?

ముందు ఒక ఫోటో సంగతి చెప్పాలి. అది ఇప్పుడు లేదు, నేనే తీసేశాను.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. ఆ ఊరివాళ్లు కానివాళ్లకి ఈ అంకె ఏమీ చెప్పదు. అక్కడ 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోదాని తర్వాత హెచ్చరికలుండవు, ఇక వచ్చేది వస్తుంది. మా ఊళ్లో పిల్లలకి పదమూడో ఎక్కం రాకపోయినా ఈ మూడంకెలూ వస్తాయి. ఇంతకన్నా పెద్దది 1986 ఆగస్టులో వచ్చింది, 75.6 అడుగులు. అప్పటికి నేను పుట్టలేదు, అమ్మ కొత్త కోడలు. ఆ వరద కథలు వినీ వినీ, నేనూ అక్కడే ఉన్నానని ఎవరైనా అంటే నమ్మేసే స్థితిలో పెరిగాను.

ఆ నాలుగు రోజులూ హైదరాబాద్‌లో ఫ్లాట్‌లో కూర్చుని ఫోన్లో నీటిమట్టం చూస్తూ గడిపాను. ఒకరకంగా నా ఉద్యోగం కూడా అదే. ఏ సర్వర్ మీద లోడ్ ఎంత ఎక్కింది, ఏ గీత దాటితే అర్ధరాత్రి ఎవర్ని నిద్ర లేపాలి. గోదారి గీత దాటితే లేపడానికి నా లిస్టులో ఎవరూ లేరు. నాన్న ఫోన్ చార్జింగ్ అయిపోయింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

వంతెన మళ్లీ వదిలారని తెలియగానే బయల్దేరాను. బయట గోదారి తగ్గుతోంది గానీ కరకట్ట లోపలి నీళ్లకి ఆ వార్త అందినట్టు లేదు. కట్ట అనేది నదిని బయట ఆపుతుంది, బాగానే ఉంది. కానీ నది ఎత్తుగా ఉన్నన్నాళ్లూ ఊళ్లో పడిన వాన, మురుగు కాల్వల నీళ్లు కూడా బయటికి పోలేవు. తూములు మూసి మోటార్లతో తోడాలి. తోడినంతే పోతాయి. మా వీధి అలా నిలిచిపోయిన నీళ్లలో ఉంది. అమ్మా నాన్నా ఎదురింటివాళ్ల మేడ మీద ఉన్నారు. నేను పడవ మీద మా ఇంటికి వెళ్లాను. మా వీధిలో పడవ ఎక్కానని రాయడం ఇప్పటికీ వింతగానే ఉంది.

మా ఇంటి ముందు భాగమే నాన్న కిరాణా కొట్టు. షట్టర్ సగానికి పైగా నీళ్లలో ఉంది. దాని పైన రాములవారి పేరున్న బోర్డు మాత్రం పొడిగా, శుభ్రంగా ఉంది. సాయంత్రం అయిదున్నర. వాన ఆగి, ఆకాశం ఒక్కసారిగా విప్పుకుంది. వీధి ఈ చివర్నుంచి ఆ చివరి దాకా అద్దంలా ఉంది. కరెంటు స్తంభాలు వరసగా నీళ్లలోంచి లేచి, వరసగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. బోర్డు మీద పేరు, దాని కింద తలకిందులుగా మళ్లీ అదే పేరు. ఫోన్ తీశాను. మూడు ఫోటోలు. ఆ రాత్రి మేడ మీద, అమ్మ పెట్టిన పులిహోర తింటూ, వాటిలో ఒకటి ఇన్‌స్టాలో పెట్టాను. హార్టులు వచ్చాయి. బాగానే వచ్చాయి. వెనిస్‌లా ఉందని ఒకరు రాశారు.

రెండు రోజుల తర్వాత నీళ్లు తీశాయి. షట్టర్ ఎత్తాం. వరద చూసినవాళ్లకి ఆ వాసన చెప్పక్కర్లేదు, చూడనివాళ్లకి చెప్పలేను. అడుగు వరస బియ్యం బస్తాలు ఉబ్బి పగిలిపోయి ఉన్నాయి. కందిపప్పు నాని ఉబ్బిపోయింది. ఉప్పు, పంచదార, బెల్లం ఉన్న చోట ఏమీ లేదు, ఖాళీ గోనెలు మాత్రం ఉన్నాయి. సర్ఫ్ పాకెట్లు పగిలి, బురద నురగ కక్కుతోంది. నూనె పాకెట్లు ఒక్కటే కడిగితే బాగున్నాయి. అరువు పుస్తకం అటక మీద పెట్టాననుకున్నాడు నాన్న, గల్లా పెట్టెలోనే ఉండిపోయింది. పేజీలన్నీ ఒక్క ముద్ద అయిపోయాయి. తర్వాత కొందరు వాళ్లంతట వాళ్లే వచ్చి ఎంత ఇవ్వాలో చెప్పి ఇచ్చారు. కొందరు రాలేదు. నాన్న అడగలేదు.

బురద ఎత్తుతుండగా మా బాబాయి కొడుకు ఫోన్లో ఆ ఫోటో నాన్నకి చూపించాడు. పొగడ్తగానే చూపించాడు పాపం. నాన్న చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోన్ తీసుకుని, కాస్త దూరంగా పెట్టి చూశాడు.

"బాగుందిరా. మన కొట్టు ఇంత అందంగా ఉంటదని నాకు తెల్వదు."

కోపం లేదు, ఎత్తిపొడుపు కూడా లేదు. ఉన్నా బాగుండేది. ఫోన్ ఇచ్చేసి మళ్లీ పార పట్టుకున్నాడు. ఆ రాత్రి పోస్ట్ తీసేశాను, ఫోన్లోంచి కూడా మూడూ తీసేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో గొడవ ఫోటో గురించి జరగలేదు, ఇంటి గురించి జరిగింది. అమ్మేసి హైదరాబాద్ వచ్చెయ్యమని నేను. "కొనేవాడికి మాత్రం కళ్లు లేవా" అని నాన్న. తర్వాతి ఏడు కూడా గోదారి మూడో హెచ్చరిక దాటింది. నేను మళ్లీ ఫోన్ చేసి అదే అన్నాను, ఆయన మళ్లీ అదే అన్నాడు. వరద తర్వాత కొట్టుకి సున్నం వేయించినప్పుడు, గోడ మీద నీళ్లు ఆగిన చోట పడిన గోధుమరంగు గీతని బెత్తెడు మేర అలాగే వదిలేయించాడు. పెయింటర్‌కి అది నచ్చలేదు, పని సగంలో వదిలినట్టు ఉంటుందని గునిశాడు. నాకూ నచ్చలేదు. రోజూ దాన్ని చూస్తూ కూర్చోవడమేంటి అన్నాను. "అరలు ఎంత ఎత్తులో కొట్టాలో తెల్వాలి కదా" అన్నాడు.

నిరుడు చలికాలంలో ఆఫీసు పని మీద ప్యారిస్ వెళ్లాను. ఒక్క శనివారం ఖాళీ దొరికింది. ఓర్సే మ్యూజియం అయిదో అంతస్తులో ఇంప్రెషనిస్టుల గదులున్నాయి. అక్కడ జనం మొనే దగ్గరా రెన్వా దగ్గరా గుంపుగా ఉంటారు. సిస్లీ దగ్గర కాస్త ఊపిరాడుతుంది. ఆల్‌ఫ్రెడ్ సిస్లీ ఎప్పుడూ ఆ గుంపులో చివరి కుర్చీ మనిషే. నా బోటివాళ్లు "బాగుంటాయి, ప్రశాంతంగా ఉంటాయి" అని ఒక వాక్యం రాసి ముందుకి పోతారు. నేనూ గతంలో ఒక వ్యాసంలో అలాగే పోయాను.

'పోర్ట్ మార్లీలో వరద', 1876. అరవై సెంటీమీటర్ల ఎత్తు, ఎనభై ఒకటి వెడల్పు. మా ఆఫీసు బల్ల మీది రెండు మానిటర్లకన్నా చిన్నది. ఎడమ వైపు ఒక పెద్ద ఇల్లు, వైన్ అమ్మే కొట్టు. దాని మీద పేరు రాసి ఉంది: సేన్ నికొలా. కుడివైపు వెనక్కి వరసగా చెట్లు, నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఇంటి దగ్గర పడవలో చిన్న చిన్న మనుషులు. మిగిలిందంతా ఆకాశం, ఆ ఆకాశాన్ని పట్టుకున్న నీళ్లు.

నేను మా వీధిలో నిలబడి ఉన్నాను. ఇంకోలా చెప్పలేను. ఆ చెట్ల వరస చూడగానే అక్కడ రోడ్డుండేదని తెలిసిపోతుంది. మా వీధిలో ఆ పని కరెంటు స్తంభాలు చేశాయి. ఆ కొట్టుకీ దేవుడి పేరే. సెయింట్ నికొలస్ పడవవాళ్లని కాపాడే పుణ్యపురుషుడని వాళ్ల నమ్మకం. ఆయన పేరు పెట్టుకున్న కొట్టు గుమ్మంలోకి పడవలొచ్చాయి. సిస్లీ దీన్ని చమత్కారంగా గీశాడని అనుకోను, అక్కడ ఉన్నది గీశాడు. నాకు మాత్రం నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది కూడా. ఏడీ ఆ కొట్టువాడు? లోపల పీపాలు ఏమయ్యాయి? ఇంత చక్కటి ఆకాశం కింద ఒక మనిషి సరుకంతా నానుతూ ఉంటే, నువ్వు మబ్బుల అంచుకి తెల్లరంగు అద్దుతూ కూర్చున్నావా? ఆ రోజు నన్ను నేను అడుక్కోని ప్రశ్నలన్నీ, చచ్చిపోయి నూట పాతికేళ్లయిన మనిషిని అడిగాను. అది సులువు.

వరదని ఇంకోలా గీసినవాళ్లున్నారు. నదికి ఆవలి ఒడ్డున లూవ్ర్‌లో పూసాన్ గీసిన 'ప్రళయం' ఉంది, పదిహేడో శతాబ్దపు బొమ్మ. చీకటి, మెరుపు, రాతి మీద పాము, తిరగబడుతున్న పడవ, బిడ్డని పైకి అందిస్తున్న చేతులు. వరద అంటే మన న్యూస్ ఛానెళ్లు చూపించేది ఇప్పటికీ అదే బొమ్మ. వెనక అరుపుల సంగీతం అదనం. 2022లో మా ఊరి గురించి టీవీలో వచ్చిందంతా చూశాను. ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వరదలో ఎక్కువ భాగం ఆ మెరుపుల్లో ఉండదు. నీళ్లొచ్చేశాయి, ఇంకా పోలేదు, చెయ్యడానికి ఏమీ లేదు. మనుషులు మెట్ల మీద కూర్చుని నీళ్లని చూస్తుంటారు. ఎవరో పడవలో పాల పాకెట్లు తెస్తారు. బేరాలు కూడా జరుగుతాయి. ఆ మూడు నాలుగు రోజుల్ని టీవీ చూపించదు, పూసాన్ గీయడు. సిస్లీ గీశాడు.

పైగా ఒక్కసారి కాదు. 1872లోనే అదే ఊళ్లో వరద గీశాడు. 1876 మార్చిలో సెన్ నది మళ్లీ పొంగితే మళ్లీ దిగాడు. ఇదే కొట్టుని వేరువేరు కోణాల్లో గీశాడు. ఓర్సేలోనే ఇంకోటుంది, దానిలో కొట్టు ముందు పడవ ఇంకాస్త దగ్గరగా కనిపిస్తుంది. రువాఁ ఊరి మ్యూజియంలో మరోటుంది. "దిగాడు" అని ఊరికే అనలేదు. అప్పుడతను ఉంటున్నది మార్లీ-ల-రువాలో, అది గుట్ట మీది ఊరు. పోర్ట్ మార్లీ కింద, నది ఒడ్డున. అంటే అతని ఇంట్లోకి నీళ్లు రాలేదు. పొద్దున్నే రంగుల పెట్టె పట్టుకుని దిగి, సాయంత్రం పొడిగా ఉన్న మంచానికి ఎక్కి వెళ్లే మనిషి. ఈ సంగతి తెలిశాక అతన్ని నేను వదల్లేకపోయాను. హైదరాబాద్ ఫ్లాట్ కూడా గుట్టే కదా.

అలాగని అతనికి రోజులు బాగున్నాయా అంటే అదీ లేదు. తల్లిదండ్రులు ఇంగ్లీషువాళ్లు, పుట్టింది ప్యారిస్‌లో. 1870 యుద్ధంతో తండ్రి వ్యాపారం మునిగింది, అప్పట్నుంచీ చివరిదాకా అప్పులే. జీవితంలో ఎక్కువ భాగం ఫ్రాన్స్‌లోనే బతికి, ఫ్రెంచి పౌరసత్వం లేకుండానే 1899 జనవరిలో గొంతు కాన్సర్‌తో పోయాడు. మరుసటేడే, 1900లో, ఈ బొమ్మ వేలంలో 43,000 ఫ్రాంకులకి పోయింది. కొన్నది కమోందో అనే బ్యాంకరు, అతని సేకరణతో పాటే 1911లో ఫ్రెంచి ప్రభుత్వానికి చేరింది. ఇలాంటి కథలు చెప్పి కళాకారులకి కన్నీళ్లు కార్చడం మనకి అలవాటే, నేను కార్చదల్చుకోలేదు. ఆ 43,000లో వైన్ కొట్టువాడికీ ఏమీ రాలేదు.

అయితే ఎంతసేపు చూసినా నన్ను పట్టుకున్నది ఆ పేరే. బొమ్మలో మిగతా అన్నీ కుంచె దెబ్బలు. మనుషులు రెండు మూడు చుక్కలు, చెట్లు కొన్ని గీతలు, నీళ్లయితే అడ్డంగా లాగిన రంగు పట్టీలు. దగ్గరికెళ్తే ఏదీ అదిగా ఉండదు. కొట్టు పేరు మాత్రం చదవొచ్చు. అక్షరాల్ని కూడా చుక్కలుగా వదిలేసి ఉంటే ఎవరూ అడిగేవాళ్లు కాదు, బొమ్మ అందం తగ్గేదీ కాదు. ఇది ఫలానా మనిషి కొట్టు అని చెప్పేంత వరకూ అతను ఆగాడు. నా ఫోటోలోనూ పేరు పడింది నిజమే. కానీ దాన్ని లెన్స్ పట్టింది, నేను చదవలేదు. నాకు ఆ పూట అది నీళ్లలో బాగా కనిపించిన ఒక ఆకారం, అంతే. పడవ దిగి అమ్మని పలకరించడానికి ముందే ఫోటో తీశాను. ఈ తేడా పెద్దదని నాకు నేను చెప్పుకోగలను. నిజంగా ఎంత పెద్దదో నాకు తెలీదు.

ఏమనిపించిందో, నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ పదకొండు, మనకి మూడున్నర. మధ్యాహ్నం బేరం ఉండని టైము. ఫోన్ బొమ్మ వైపు తిప్పి, గొంతు తగ్గించి, ఫ్రాన్స్‌లో ఒక ఊరు, వరద, అది వైన్ షాపు, నూట యాభై ఏళ్లు కావస్తోంది, అని చెప్పాను. ఆయన అద్దాలు పెట్టుకున్నాడు. కాసేపు ఏమీ అనలేదు. నేను ఎదురుచూసింది ఆ పాత మాట. ఆయన అడిగింది ఇది:

"నీళ్లు తీస్తున్నాయా, ఎక్కుతున్నాయా?"

సిస్లీ మీద నేను చదివిన వాటిలో ఎవరూ ఇది అడగలేదు. ఆకాశం, కాంతి, ప్రతిబింబం, కూర్పు, అన్నీ ఉన్నాయి. ఆ కొట్టువాడికి కావాల్సిన ఒక్క ముక్కా లేదు. నేనూ ఇరవై నిమిషాలుగా అక్కడే ఉన్నాను, నాకూ తట్టలేదు. తీస్తుంటే గోడ మీద నీళ్లకి పైన తడి గీత ఉండాలి, అది మా గోడ చూసి నేర్చుకున్నదే. దగ్గరికి వెళ్లాను. గార్డు నా వైపు చూసింది, అడుగు వెనక్కేశాను. గోడ నీళ్లని తాకే చోట కుంచె గోడనీ దాని నీడనీ ఎడాపెడా కలిపేసింది. ఏది తడి, ఏది నీడ అన్నది నాకు తేలలేదు.

"తెలీట్లేదు నాన్నా."

"ఆకాశం తేటగానే ఉంది. పైన వానల్లేకపోతే తీస్తుందిలే" అన్నాడు. పైన అంటే ఎగువన. సెన్ నదికి కూడా ఆయనకి ఎగువ ఉంది, దిగువ ఉంది. "ఆ పడవలో వాళ్లు దేనికొచ్చారో. సరుకు తీస్కపోతున్నట్టు లేదు."

ఇంతలో అమ్మ ఫోన్ లాక్కుంది. చాలాసేపు చూసి, "ఎనభై ఆర్లో నేనిట్లా చూశాను" అంది. గుట్ట మీద తలదాచుకున్న రెండో రాత్రి, మబ్బులు కాస్త విచ్చుకుని వెన్నెల వచ్చిందట. కింద ఊరు లేదు, వెన్నెలా నీళ్లూ తప్ప. పిల్లలు ఏడుస్తున్నారు, ముసలివాళ్లు రాముణ్ణి తిడుతున్నారు, మొక్కుతున్నారు. తనకి మాత్రం అంత అందం ఎప్పుడూ చూడలేదనిపించిందట. ఎనభై ఆరు కథలు వందసార్లు చెప్పిన మనిషి, ఇది ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఏమనుకుంటారు. మీ నాయనమ్మ పెట్టె కొట్టుకుపోయిందప్పుడు." ఆగి, "నీ ఫోటో ఎందుకు తీసేశావురా" అంది. పక్కన నాన్న ఎవరికో అరకిలో పంచదార తూస్తున్నాడు, తూకం బిళ్ల చప్పుడు వినిపించింది. ఆయనకి వినపడిందో లేదో.

నాకు జవాబు లేదు. టైమైంది, పెట్టేస్తానన్నాను.

దిగి వస్తుంటే గుర్తొచ్చింది. 2016 జూన్‌లో సెన్ ప్యారిస్‌లో ఆరు మీటర్లు దాటినప్పుడు లూవ్ర్‌నీ ఈ ఓర్సేనీ కూడా మూసేశారు. ఓర్సే కట్టడం అసలు రైల్వే స్టేషను, 1910 పెద్ద వరదలో దాని పట్టాలన్నీ నీళ్లలో ఉన్నాయి. 2016లో ఆ మూసేసిన రోజుల్లో పై అంతస్తులో చీకట్లో సిస్లీ నీళ్లు, కింద వీధి అవతల అసలు నీళ్లు. అమ్మెయ్యమని ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఎవరూ చెప్పి ఉండరు.

మ్యూజియం షాపులో ఆ బొమ్మ పోస్టుకార్డు కొన్నాను. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నకి ఇచ్చాను. ఏం చేస్తాడో అనుకున్నాను. కౌంటర్ మీది అద్దం ఎత్తి, రాములవారి కల్యాణం ఫోటోకీ, గ్యాస్ ఏజెన్సీ నంబరు రాసిన చీటీకీ మధ్య దూర్చాడు. వెనక గోడ మీద ఆ గోధుమరంగు గీత ఉంది. కొత్త అరలన్నీ దానికి జానెడు పైన మొదలవుతాయి. బియ్యం బస్తాలు మాత్రం ఇంకా కిందే ఉన్నాయి. వాటిని రోజూ ఎవరెత్తుతారు.

కనుమ నాడు కౌంటర్ దగ్గర నేను కూర్చున్నాను. ఆయన వయసు మనిషే ఒకాయన బీడీ కట్టకి వచ్చి, అద్దం మీద వంగి ఆ కార్డు చూశాడు.

"ఇదెప్పటిది?"

లోపల్నుంచి నాన్న చెప్పాడు. "డెబ్బై ఆరుది."

ఆయన బీడీ కట్ట జేబులో పెట్టుకుంటూ తలూపాడు. "ఆ, డెబ్బై ఆర్లో కూడా గట్టిగానే వచ్చింది."